పుల్లటి కుండ, తియ్యటి కుండ

ప్రభువు పేరున అమ్మకి ఎస్తేరు వందనాలు.

నేను క్షేమం. అన్నయ్య, వదిన, బాబు బాగున్నారని అన్నయ్య రాసిన కార్డు వల్ల తెలిసింది. నీ క్షేమం మాత్రం అడగను. నువ్వు క్షేమంగానే ఉంటావు. నాకు బుద్ధి తెలిశాక నువ్వు జ్వరంతో పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఈ ఉత్తరంలో రాయాల్సిందీ ఆ సంగతే. అందుకని ఎప్పట్లా సాయంత్రం ప్రార్థన అయ్యాక అరుగు మీద కూర్చుని అందరికీ వినిపించేలా చదవకు. కళ్ళజోడు పెట్టుకుని లోపలికి వెళ్ళి చదువుకో. కోపం వచ్చి చింపేస్తావేమో, చింపినా లాభం లేదు. వదినకి ఒక ఉత్తరం, హాస్టలు సూపరింటెండెంటు అమ్మగారికి ఒక ఉత్తరం విడిగా రాశాను. మూడూ ఈ పూటే పోస్టు డబ్బాలో వేస్తున్నాను.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. చుట్టూ కొండలున్నాయి గానీ అన్నీ బోడి రాళ్ళు, మన వైపు కొండల్లా కంటికి చల్లగా ఉండవు. అరవం బాగానే వచ్చింది, కూరగాయల ఆవిడతో తగువు పడేంత వచ్చింది. మెస్సులో పొద్దున సాంబారు, మధ్యాహ్నం సాంబారు, రాత్రికి అందులోనే నీళ్ళు పోసి రసమంటారు. ఆదివారం గుడిలో పాటల రాగాలు మనవే, మాటలు వాళ్ళవి. నేను నోరు మూసుకుని రాగం తీస్తూ ఉంటాను. నా పక్కన కూర్చునే ముసలావిడ నన్ను మూగదాన్ననుకుని జాలిగా చూస్తుంది. దిగులుగానే ఉంటుంది. అలవాటైపోతుందిలే, బెంగపెట్టుకోకు.

నువ్వు ఊరంతా మా అమ్మాయి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పక్కన కూర్చుని పని చేస్తుందని చెప్పుకుంటున్నావట. నిజమే, పక్కనే కూర్చుంటాను. చేసేది మాత్రం మలం పరీక్ష. మా డాక్టరమ్మగారికి ఒక పిచ్చి. ఏ కడుపులో, ఏ నీళ్ళలో, ఏ మట్టిలో ఏయే క్రిములు కలిసి కాపురం చేస్తున్నాయో చూడాలని. దాంతో నేను ముట్టుకోని చెత్త లేదు. గేదె పేడ, మేక పెంటికలు, కబేళా నుంచి తెచ్చిన పంది పేగు, నూతి నీళ్ళు, మురిక్కాలవ, కొండ మీది పల్లెల నుంచి వైద్యానికొచ్చిన ఆడవాళ్ళవి, ఇక్కడి నర్సులవి, వంటవాళ్ళవి. గాజు పళ్ళెంలో సముద్రపు నాచుతో చేసిన జావ గడ్డకట్టిస్తాం. దాని మీద కాస్త పూసి వెచ్చటి పెట్టెలో ఉంచితే మర్నాటికి చుక్కలు మొలుస్తాయి. ఎర్రవి, తెల్లవి, జిగురుగా ఉండేవి, ముడతలు పడ్డవి. గేదె కడుపులో సుఖంగా బతికేవన్నీ మేక కడుపులో బతకవు. నూతిలో ఉండేవి పేగులో నిలవవు. ఒకే గదిలో పడుకుని ఒకే మెస్సులో తినే ఇద్దరు నర్సులవి కూడా ఒకలా ఉండవు. పళ్ళెంలో మొలవనివి ఇంకా చాలా ఉన్నాయంటుంది డాక్టరమ్మ.

చేరిన కొత్తలో సరదాకి నాదీ పరీక్ష చేసుకున్నాను. కొన్నాళ్ళు పోయాక మళ్ళీ చేస్తే సగం మారిపోయాయి. మనూరి నూతివి, మన అంబలివి తగ్గిపోయి ఈ ఊరివి వచ్చి కూర్చున్నాయి. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మొన్న ఎండాకాలంలో నువ్వు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు నీదీ అడిగాను. "ఛీ, ఇదేటే? ఇందుకేటి నిన్ను సదివించింది?" అన్నావు. నులిపురుగుల పరీక్ష అని అబద్ధం చెప్పి తీసుకున్నాను. నీ పళ్ళెం చూసి డాక్టరమ్మ పక్క గదిలోవాళ్ళని కూడా పిలిచింది. ఇన్ని రకాలు ఒక్క మనిషిలో తను చూడలేదంది. నాకు గర్వంగా అనిపించింది. చూశారా మా అమ్మ కడుపు, అనుకున్నాను. ఆ తరవాత టైఫాయిడ్ క్రిమి ఉందో లేదో చూసే పళ్ళెం వేరే ఉంటుంది, అది తీసింది. దాని మీద నల్లగా నిగనిగలాడుతూ చుక్కలు. పొరపాటేమోనని మళ్ళీ వేశాం. మళ్ళీ అవే.

పెళ్ళికి ముందు గొలుగొండలో నీకు పెద్ద జ్వరం వచ్చి జుట్టంతా ఊడిపోయిందని నువ్వే చెప్పేదానివి. ఆ జ్వరం పోయింది గానీ క్రిమి పోలేదు. పైత్యం ఉండే తిత్తిలో చోటు చూసుకుంది. మిగతావాటితో సర్దుకుని, నిన్నేమీ చెయ్యకుండా ఇన్నేళ్ళుగా నీతో కాపురం చేస్తోంది. విరేచనంలో కొంత బయటికి వస్తూ ఉంటుంది. మనూళ్ళో అందరిలాగే నువ్వూ మట్టితో చెయ్యి తోముకుని వస్తావు. గోళ్ళ కింద అది అలాగే ఉంటుంది. ఆ చేత్తోనే హాస్టలు పిల్లలందరికీ వండి పెడతావు.

ఈ సంగతి ఇంతకుముందే మెత్తగా రాశాను. మాత్రలు పంపాను, నువ్వు కొన్నాళ్ళు వంటింటికి దూరంగా ఉండాలని బతిమాలాను. దానికి నువ్వు అన్నయ్య చేత రాయించిన జవాబు నా దగ్గరుంది. "పార్దన సేసి వండిన కూట్లో సావుంటదేటే? నీకు సదువెక్కువైపోనాది." మాత్రల పొట్లం విప్పకుండా గూట్లో పెట్టేశావట. సరే. మెత్తగా చెబితే వినలేదు కనక ఇప్పుడు మెత్తదనం మానేస్తున్నాను.

హాస్టల్లో నీ రెండు కుండలు తలుచుకో. పెద్ద కుండలో అందరికీ చోడి అంబలి. సాయంత్రం కాచి, చల్లారాక నిన్నటి అంబలి కాస్త కలిపి వదిలేస్తే తెల్లారేసరికి పులుస్తుంది. చిన్న కుండ నీ ముద్దుల కుండ. అది నీరసంగా ఉన్న పిల్లలకి, తల్లి లేని పిల్లలకి, నీ కొంగు పట్టుకుని తిరిగేవాళ్ళకి. పులుపు పడదని అందులో పాత అంబలి వెయ్యవు. చల్లార్చి, పాలూ బెల్లమూ పోసి, ఉండ కట్టకుండా చేత్తో మెత్తగా పిసికి, మూతపెట్టి ఉంచి పొద్దున్నే పిలిచి మరీ పోస్తావు.

నువ్వు పంపిన చోడి పిండితోనే, ఇక్కడ దాన్ని రాగి పిండి అంటారు, రెండు సీసాల్లో అంబలి కాచాను. ఒకటి పుల్లబెట్టాను, ఒకటి నీ పద్ధతిలో తియ్యగా చేశాను. రెండింట్లోనూ నీ కడుపులోంచి వచ్చిన క్రిమినే వేశాను. పుల్లటిదానిలో పులుపు పుట్టించే క్రిములు దాన్ని బతకనివ్వలేదు. తియ్యటిదానిలో అది పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నది. పులుపుంటే భయం లేదనుకుని నువ్వు వండొచ్చని కాదు, డాక్టరమ్మ దానికీ ఒప్పుకోదు. హాస్టల్లో జ్వరం వచ్చిన పిల్లలందరి పేర్లూ నీకు తెలుసు. వాళ్ళు ఏ కుండ దగ్గర కూర్చునేవాళ్ళో కూడా నీకే తెలుసు. నువ్వు ప్రేమించని పిల్లలు బాగున్నారమ్మా.

ఇక పైడమ్మ సంగతి. నీ కింద అంట్లు తోమి, కట్టెలు చీల్చి, నూతి నుంచి నీళ్ళు మోసిన మనిషి. జ్వరాలు మొదలవగానే నీ కన్ను ఆమె మీద పడింది. సూపరింటెండెంటు అమ్మగారి ముందు నువ్వన్న మాటలు సెలవులకి వచ్చినప్పుడు నేను నా చెవులతో విన్నాను. "దీని గుంటలికి ఒక్కరికీ జొరం రాదు, సూడండమ్మా. ఇదే ఎక్కడినుంచో మోసుకొచ్చి మన పిల్లలికి అంటిస్తంది." పైడమ్మ ఏడుస్తూ, "సేతులు కడుక్కునే అంట్లు ముట్టుకుంతానమ్మా, పైడితల్లి మీద ఒట్టు" అంది. "ఆ ఒట్లు ఈడ సెల్లవు, బేగి ఎలిపో" అన్నావు నువ్వు. ఆమె పిల్లలకి జ్వరం ఎందుకు రాలేదో ఇప్పుడు విను. పెద్ద కుండ అడుగున మిగిలిన పుల్లటి అంబలి పట్టుకెళ్ళి వాళ్ళకి పోసేది. చిన్న కుండలోది కాస్త పెట్టమని ఒకసారి అడిగితే నువ్వు పెట్టలేదు. ఆ లేమి ఆ పిల్లల్ని కాపాడింది. ఇప్పుడామె బలిఘట్టం దారిలో ఇటుకలు మోస్తోందని అన్నయ్య రాశాడు.

రూతు గురించి రాయకూడదనుకున్నాను. రాయకపోతే నువ్వు వినవు. అన్నయ్య కూతుర్ని పోయిన వర్షాకాలంలో ఖననం చేశాం. అప్పుడు ఎవరూ దాని రక్తం తియ్యలేదు, ఎవరూ పళ్ళెం వెయ్యలేదు. కాబట్టి అది నీ వల్లే పోయిందని నేను రుజువు చెయ్యలేను. డాక్టరమ్మ కూడా అయ్యుండొచ్చు అంటుందే తప్ప అంతకు మించి అనదు. కానీ హాస్టల్లో చిన్న కుండ అడుగున ఉన్నది గిన్నెలో పోసుకుని నువ్వు ఇంటికి ఎవరి కోసం తెచ్చేదానివి? జ్వరంలో వదిన గంజి కాచి పెడతానంటే "నీకు సేతకాదు, ఇలాగియ్యి" అని పిల్లని లాక్కుని ఒళ్ళో పడుకోబెట్టుకున్నావు. ఏమీ మింగలేకపోతోందని అంబలి వేలితో నాలిక మీద రాశావు. చివరి రోజున కూడా దాని నోట్లో నీ వేలే ఉందమ్మా.

నాకు నీ మీద కోపంగా ఉంది. నీ చేతి ముద్ద మీద ఆశ కూడా చావలేదు. మొన్న నువ్వు పంపిన జంతికలు వచ్చాయి. నూనెలో వేగినవాటిలో ఏమీ బతకదని నాకు తెలుసు. తెలిసి కూడా ఒక ముక్క నూరి పళ్ళెం మీద వేసి, ఏమీ మొలవలేదని చూసుకున్నాకే తిన్నాను. కన్నతల్లి పంపినవాటిని పరీక్ష చేసి తిన్న కూతుర్ని నేను. బాగున్నాయి, వాము కాస్త ఎక్కువైంది.

ఇప్పుడు అన్నయ్య కార్డులో రాశాడు, కోత పండగ ఆదివారం గుడిలో అందరి ముందూ బాబుకి మొదటి ముద్ద పెడతారట. నీ చేత్తోనే పెట్టాలని నువ్వు పట్టుబట్టావట. తియ్యటి అంబలే చేస్తానన్నావట. వదిన నీ మాటకి ఎదురు చెప్పగలిగే మనిషి కాదు, నీకు తెలుసు. వాడింకా పాలు తాగే పిల్లాడు. నీ కడుపులో అన్ని రకాల క్రిములు గుంపుగా ఉండి ఆ ఒక్కదాన్ని అదుపులో పెట్టాయి. వాడి కడుపు ఇంకా ఎవరూ సరిగా కాపురం పెట్టని ఇల్లు. ముందుగా ఎవరు దూరితే వాళ్ళదే. వదినకి రాసిన ఉత్తరంలో ఇదంతా రాశాను. నువ్వు ముద్ద పట్టుకొస్తే బిడ్డని తీసుకుని బయటికి వెళ్ళిపొమ్మని, గుడిలో అందరూ చూసినా సరే వెళ్ళిపొమ్మని రాశాను. అంతదాకా తెచ్చుకుంటావో లేదో నీ చేతిలో ఉంది.

ఈ ఉత్తరం అందిన పూటే వంటింట్లోంచి బయటికి వచ్చెయ్యి. హాస్టల్లో, ఇంట్లో, గుడి విందులో, ఎక్కడా గరిటె ముట్టుకోకు. దొడ్డి నుంచి వచ్చాక మట్టి కాదు, సబ్బు. గోళ్ళు తీయించుకో. పండగ అయ్యాక అన్నయ్యని తీసుకుని యలమంచిలిలో మద్రాసు రైలెక్కు. ఇక్కడ మాత్రలు నా ఎదురుగా మింగుతావు. వాటికి లొంగకపోతే ఆ తిత్తి తీసేస్తారు, డాక్టరమ్మ మాట్లాడి పెట్టింది. వచ్చేటప్పుడు నాకు చోడి పిండి ఇంకాస్త, వదిన కుట్టిన జాకెట్లు తీసుకురా. పచ్చడి వద్దు.

పండగకి ముందు ఇంకొక పని ఉంది. పైడమ్మ ఇంటికి వెళ్ళు. అన్నయ్యని పంపకు, వదినని పంపకు, నువ్వే వెళ్ళు. తిడితే పడు. వీధిలో నిలబెట్టి తిట్టినా పడు. ఆ రోజు సూపరింటెండెంటు అమ్మగారి ముందు ఏమన్నావో అది తప్పని ఆమె పిల్లల ముందు చెప్పి, ఆమెని బతిమాలి గుడికి తీసుకురా. బాబుకి వేడివేడిగా కాచిన అంబలి ఆమె చేత్తో పెట్టించు. రూతుకి పెట్టినప్పుడు పీట వేసుకుని కూర్చున్నావు చూడు, అలాగే ఎదురుగా పీట వేసుకుని కూర్చో. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాడు మింగేదాకా చూడు.

పాస్టరుగారికి, పాస్టరమ్మగారికి నా వందనాలు చెప్పు. అన్నయ్యకి, వదినకి ప్రేమతో అడిగానని చెప్పు. బాబుకి నా ముద్దులు, నువ్వు మాత్రం వాడి మూతి మీద ముద్దు పెట్టకు.

నన్ను దీవించు. చిన్నప్పుడు పరీక్షకి వెళ్ళేముందు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేదానివి. ఇక్కడికి వచ్చాక మళ్ళీ అలాగే పెట్టు, రైల్లోంచి దిగిన చేతులతోనే పెట్టు. తల మీద పెడితే ఎవరూ చచ్చిపోరు.

నీ చేతి ముద్దలు తిని పెరిగి, ఎలాగో బతికిన కూతురు,
ఎస్తేరు