మీరా పాసైంది, గజంకర్ర ఫెయిలైంది

నాందేడ్,
14 జూన్ 1979

అమ్మకు నీ కొడుకు రాధాకిషన్ సాగిలపడి దండం పెట్టి రాయునది. ఇక్కడ బాపు, బాపమ్మ, చెల్లె మీరా, నేను, ఊరి పక్క గోదావరి అందరం బాగున్నాం. నిజామాబాద్‌లో నువ్వు, అక్క, చంటిది కులాసా అని తలుస్తాను.

ముందుగా క్షమాపణ. దేవిని, శాస్త్రాన్ని, కన్నతండ్రిని ఒకే మూటలో కట్టిన పాపాత్ముణ్ని నేను. నీకు ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న అక్క చెవులు మూసుకోవాలి; చదవడం మాత్రం ఆపకూడదు.

మీరా ఫస్ట్ క్లాసులో పదో తరగతి పాసైందని తంతి అందగానే రెండు ప్రశ్నలు రాయించావు. మొదటిది: "రెండుసార్లు తప్పిన పిల్ల ఎట్ల పాసైంది?"

మన బట్టల దుకాణంలో బాపు చదువు చెప్పే పద్ధతి నీకు తెలుసు. గజంకర్రతో గల్లాపెట్టె మీద టకటక కొడుతూ అడుగుతాడు. ఈసారీ తప్పితే బడి బందు, కుట్టుమిషన్ ముందు కూర్చోవాల్సిందే అని కూడా అన్నాడు.

"మూడో పానిపట్ యుద్ధం ఎప్పుడైందే?"

"పానిపట్టా... గది ఏ ఊర్ల ఉంది బాపు?"

అదే రోజు మీరా బాపమ్మ పక్కన కూర్చుని జొన్నలు ఏరుతుంటే నేను అదే ప్రశ్న అడిగాను. పదిహేడు వందల అరవై ఒకటి, జనవరి పద్నాలుగు అంది. "బుధవారం" అని కూడా కలిపింది.

మా కాలేజీ సారు చెప్పిన సంగతి అప్పుడు వెలిగింది. మూత్రపిండాల మీద గాంధీ టోపీల్లా రెండు గ్రంథులుంటాయి. భయపడితే అవి ఒక రసం వదులుతాయి. అది నెత్తురులో కలిసి మెదడు దాకా పోతుంది. కొంచెమైతే పులుసులో ఉప్పులా మంచిదే. ఎక్కువైతే నేర్చుకున్నది తలలోనే ఉంటుంది, నోటికి రాదు. రోజూ ఎక్కువైతే కొత్తది తలకే ఎక్కదు. బాపుకు విన్నవించాను.

"టోపీలు కిడ్నీల మీద ఉంటే, మరి నీ నెత్తిల ఏముందిరా?" అన్నాడు. కర్ర వదల్లేదు.

పరీక్షలకు మూడు వారాలుండగా నిజామాబాద్ నుంచి నీ కార్డు వచ్చింది. మీరా కోసం రేణుకాదేవికి మొక్కావట: ఇప్పటి నుంచి పరీక్షలయ్యేదాకా బాపు మాహూర్‌లో ఉండి రోజూ గుట్టెక్కాలి. బాపు రెండుసార్లు చదివి, కర్ర నా చేతికిచ్చి బస్సెక్కాడు. నేను దానితో బట్ట తప్ప ఏదీ కొలవలేదు. మీరా జొన్నలు ఏరుతూ చదివింది. ఆ నెలలో మేం తిన్న రొట్టెల్లో ఒక్క రాయి లేదు.

ఫలితం వచ్చిన రోజు బాపు బజారంతా పేడాలు పంచాడు. ఇంటికొచ్చి మీరాను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పోయినేడు టాక్సు ఆపీసుల సాహెబ్ పెన్సిల్ టకటక కొట్టిండు. గంతే, మా నాయిన పేరు యాదికి రాలె నాకు" అన్నాడు మీరాతో. "కర్ర నా చేతుల ఉన్నప్పుడు గది యాద్ మర్శిన బిడ్డా."

మరునాడు మీరాను కాలేజీలో చేర్పించడానికి తానే వెంటబెట్టుకుని పోయాడు. కర్ర తీసుకుపోలేదు.

ఇక నీ రెండో ప్రశ్న: "నేను మొక్కని మొక్కు తీరిందని మీ బాపు రాసిండు, ఏంది కథ?"

కార్డు నేనే రాశాను. అక్కకు చంటిదానితో తీరిక లేక నీ కార్డులు వీధిలో ఎవరు దొరికితే వాళ్లు రాస్తారు కనుక చేతిరాతతో చిక్కు రాలేదు. ఎవరైనా అడిగితే మొక్కింది నువ్వే. దీనికి నేను సిగ్గుపడను.

కానీ కార్డు మీద నాందేడ్ ముద్ర ఉంటే బాపు పట్టేస్తాడు. అందుకని రైలెక్కి నిజామాబాద్ వచ్చాను. స్టేషన్ బయటి డబ్బాలో వేశాను. అక్కడికి అక్క ఇల్లు రెండు సందులు. నీ ముఖం చూస్తే నిజం కక్కేస్తానని భయపడ్డాను. తిరుగుబండికి రెండు గంటలుంటే ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నాను. నువ్వున్న ఊరికి వచ్చి నిన్ను చూడకుండా పోయాను.

పైన చెప్పిన క్షమాపణ ఉత్తది. ఇది ఒక్కటి తీసుకో అమ్మా.

ఇట్లు,
రెండు సందులు నడవలేకపోయిన
నీ కొడుకు రాధాకిషన్