పొగబెట్టిన చేప, నాయన మొండితనం

కంబదూరు,
ఆదివారం.

అమ్మకు నాగేశ్వర దండాలు.

ఈడ నేనూ నాయనా కులాసాగా ఉండాం, ఆడ నువ్వూ అట్లనే ఉండాలని మొక్కుకుంటాండా. జాబంటే ఇట్ల మొదలుపెట్టాలంట కాబట్టి పెట్టినా. నిజం చెప్పాలంటే నాకు కులాసా ఏమీ లేదు. నీ మొగునితో ఏగలేక సస్తాండా.

ఫోన్లో చెప్పొచ్చు కదరా అంటావు. వారానికి ఒక్క శుక్రవారం ఫోన్ చేస్తావు, అదీ నువ్వు పనిచేసే ఇంటి మేడమ్ పక్కనే కూర్చోనుంటాది. ఇంత కథ ఎట్ల చెప్పేది? బాలప్ప మామ సెలవు అయిపోయి బుధవారం మల్లా కువైట్‌కు పోతాండాడు. నీ జాబు తెచ్చిచ్చినట్లే నాది కూడా నీ చేతికిస్తానన్నాడు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్తా. వాన రాలేదు. మబ్బు మన నెత్తిన నిలబడి ఆశ పెడతాది, పోయి యాడో కురుస్తాది. చెనక్కాయ విత్తనం ఇంకా మూటల్లోనే ఉండాది. ఎర్రావు ఈనింది, కోడెదూడ. నా పెండ్లి మాట ఇప్పుడెత్తొద్దు, ఈ ఇంట్లో ఒక మొండిమనిషితోనే నాకు తీరిక లేదు. నాయన నన్ను తలుస్తాడా అని రాసినావు. రెండు బోర్లూ ఎండిపోయినాక నువ్వు కువైట్‌కు పోతానంటే, "గడప దాటితే నాతో మాట్లాడొద్దు" అన్నాడు కదా. రెండేండ్లయినా ఆ మాట మీదనే ఉండాడు. నీ ఫోన్ మోగితే చాలు, లేసి బయటికి పోతాడు.

నెల దాటినా పన్ను నొప్పేందిరా, పీకించకూడదా అని కోప్పడినావు. దాని సంగతి కడాన చెప్తా. ముందు నీ డిప్పు సంగతి చెప్పాల.

నాయన నమలలేకున్నాడు, రాగంబలి, పెసరకట్టు చూస్తేనే గిన్నె తోసేస్తాండాడు, చిక్కి పుల్లయిపోయినాడు అని నేనంటే, మీ మేడమ్ వాళ్ల ముసలాయనకు చేసిపెట్టేది చెప్పినావు. "పొగబెట్టిన చేపను మెత్తగా చిదిమి, గట్టి పెరుగులో కలిపి, నిమ్మకాయ పిండితే డిప్పు అయితాది, శానా చిన్నపని" అన్నావు. డిప్పంటే ఏందో నాకేం తెలుసు? డిప్ప పగిలే పని అని చేసినాక తెలిసింది.

చిన్నపనంట! నీకు ఆడ పొగబెట్టిన చేప అంగట్లో అట్టపెట్టెలో దొరుకుతాది. ఈడ తాగేదానికే ట్యాంకరు కోసం కాచుకోనుండే ఊర్లో చేప యాడిదమ్మా? నా ఆటోకు కణేకల్ పక్క టమాటా లోడు పడేదాకా ఆగినా. ఆడ చెరువుకాడ ఒక బొచ్చె చేప కొని, మంచుగడ్డ ఏసి, ఖాళీ బుట్టల నడుమ పెట్టుకోనొచ్చినా. ఆటో అంతా నీచు వాసన. మర్నాడు కాయలెత్తేదానికి వచ్చిన రైతు, "ఏమప్పా, టమాటాలు ఏసుకునేదానికి వస్తివా, చేపల సంతకు వస్తివా?" అన్నాడు.

ఉప్పు పట్టించి గాలికి ఆరబెట్టమన్నావు. ఆరబెడితే ఊర్లో ఉండే పిల్లులన్నీ మన మిద్దె మీదికే వచ్చినాయి. కట్టె పట్టుకోని కావలి కూర్చున్నా. పొగకు ఏ కట్టె అని నేనడిగితే "ఏదో ఒకటిలే" అన్నావు. వేపకట్టె చేదని, తుమ్మకట్టె భగ్గున మండుతాదని, కడాకు చెనక్కాయ పొట్టు తీసుకున్నా. పాత ఇనుప బాండ్లిలో పొట్టు పోసి నిప్పు రాజేసి, మీద కమ్మీల జాలి పెట్టి, ముక్కలు పరిచి, పెద్ద గిన్నె బోర్లించినా. గాలి తగలకూడదని గడ్డివామి చాటున పెట్టుకున్నా చూడు, ఆడ చేసినా తప్పు.

పొగ లేసింది. లేస్తే పక్కింటి మారెక్క చూసింది. ఉండే ఒక్క వామి కాలిపోతే పశువులకు ఏం ఏసేదని ఆమె భయం. "ఓరి నాగేశా, వామి అంటుకున్యాదిరో!" అని అరుచుకుంటా నీళ్ల కడవ ఎత్తుకోని ఉరికొచ్చింది.

"వామి కాదక్కా, చేప!" అంటాండా నేను. అప్పటికే కడవ మొత్తం కుమ్మరించేసింది.

ముక్కలు బూడిదలో ఈదుతాండాయి. మారెక్క వాటిని చూసి, నన్ను చూసి, "చేప కింద పొట్టేసి కాల్చేదేందిరా? కూర చేసుకోని తినేదానికి ఏం రోగం?" అనింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, పోసింది ట్యాంకరు నీళ్లని. ఇంగ తిట్లు మొదలు. మన కడవ నీళ్లు ఆమెకు పోసిచ్చి పంపినా.

మంచం మీద నాయన భుజాలు ఎగరేసి ఎగరేసి నవ్వుతాండాడు. నవ్వలేక దవడ పట్టుకుంటాడు, మల్లా నవ్వుతాడు. నాకు ఏడుపొస్తాంటే ఆయనకు నవ్వు!

రెండోసారి ఇంకో చేప తెచ్చి, ఇంటి ముందర, మారెక్కకు చెప్పి మరీ చేసినా. ఈసారి కుదిరింది. ముక్క పాత బెల్లం రంగుకు తిరిగింది, కమ్మటి పొగవాసన. ఇంగ ముండ్లు. బొచ్చె చేపకు అన్ని ముండ్లుంటాయని నాకెవరు చెప్పినారు? నమలలేని మనిషి, ఒక్క ముల్లు గొంతులో ఇరుక్కుంటే ఏం చేసేదని భయపడి, వేళ్లతో తడివి తడివి తీసినా. పెరుగు గుడ్డలో కట్టి దూలానికి వేలాడదీసి నీళ్లు పోనిచ్చినా. అందులో చేప చిదిమి, మిరియాలపొడి, నిమ్మరసం కలిపినా. నాయన నోటికి మంటని పచ్చిమిరక్కాయ ఏయలేదు. నాలిక మీద పెట్టి చూసుకున్నా. అమ్మా, నీ మీద ఉండే కోపం ఆ పొద్దు సగం తగ్గింది.

నాయన ముందర వాసన చూసినాడు. ఒక చెంచా. ఇంకో చెంచా. గిన్నె సగమైనాక తలెత్తి, చెయ్యి తిప్పి, ఎవరు నేర్పించినారని సైగ చేసినాడు.

నోరు మూసుకోని ఉండొచ్చు కదా నేను? "అమ్మ" అన్నా.

గిన్నె కింద పెట్టేసి, గోడపక్కకు తిరిగి పడుకున్నాడు.

నాకు యాడలేని కోపమొచ్చింది. "ఏమప్పా నాయనా, నువ్వు మనిషివేనా? ఆమె ఆడ ఎవరింట్లోనో వండిపెట్టేది నీ కోసరం, నేను ఈడ పొగలో కండ్లు పోగొట్టుకునేది నీ కోసరం. తింటే తిను, లేకుంటే పస్తుండు!" అని అరిచి ఆటో తీసుకోని పోయినా. దావంతా తిట్టుకుంటానే పోయినా. నిన్ను కూడా తిట్టినా, దాచేదేముండాది.

సాయంత్రం వస్తే గిన్నె ఖాళీ. పిల్లి తినిపోయిందేమో అనుకున్నా. పిల్లి అయితే గిన్నె కడిగి బోర్లించదు కదా.

మర్నాడు పొద్దున్నే చెనక్కాయ పొట్టు చూపించి, నన్ను చూసి, ఊ అన్నాడు. ఆ పొద్దు నుంచి లోడు కణేకల్ పక్క పడితే చాలు, ఇంట్లో ఇదే పని. ఒంట్లోకి కొంచెం కండ వచ్చింది. నా అంగీలన్నీ పొగవాసనే.

ఇప్పుడు పన్ను నొప్పి సంగతి చెప్తా. ఒక్క నిమిషం కూర్చోని చదువు. ఇప్పుడు బాగుండాడు, అది ముందే చెప్తాండా.

అది పన్ను కాదమ్మా. దవడ విరిగింది. కల్యాణదుర్గం దావలో మోపెడ్ మీద వస్తాంటే అడవిపంది అడ్డమొచ్చింది. పడినాడు, దవడ పోయి రాయికి కొట్టుకునింది. అనంతపురంలో ఆపరేషన్ చేసి పండ్లకు తీగెలు కట్టినారు. కొన్నాళ్లకు తీగెలు వదులు చేసి, నమిలే పనిలేనివి పెట్టమన్నారు. నేను నీకు ఫోన్ చేసి చెప్దామని తీసినా. మంచం మీద నుంచి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, తల అడ్డంగా ఊపుతానే ఉండాడు. ఆ మనిషి కండ్లలో నీళ్లు చూసి నేను ఫోన్ లోపల పెట్టేసినా. శుక్రవారం నువ్వడిగితే పన్ను నొప్పన్నా. నీతో అబద్ధమాడినందుకు ఎన్ని తిట్లయినా తిట్టు, పడతా. నీ మీద పంతంతో చెప్పనియ్యలేదనే అనుకున్నా నేను.

మొన్న సోమవారం తీగెలు పూర్తిగా తీసినారు. తిరిగి వస్తాంటే ఆటోలో పక్కన కూర్చోని దావ చూస్తాండాడు. రాప్తాడు దాటినాక అడిగినా: "నాయనా, ఇప్పుడన్నా చెప్పు. అమ్మకు చెప్పొద్దంటివి, యాలప్పా? అంత కోపమా?"

దవడను చేత్తో అటూ ఇటూ కదిలించి చూసుకున్నాడు.

"కోపమేముండాదిరా" అన్నాడు కడాకు, నోట్లో ముద్ద పెట్టుకున్నట్లు. "నేను పడినానంటే ఆయమ్మ పని ఇడిసి పరిగెత్తుకోనొస్తాది. పడినానని జాలితో రాగూడదు. నేను పిలిస్తే రావల్ల."

"మరి పిలువు. రెండేండ్ల నుంచి నీ నోరు ఎవరు కట్టేసినారు?" అన్నా. ఇంగా కోపంగానే ఉండాను.

"ఎట్ల పిలిచేదో తెలీక" అన్నాడు.

ఆటో పక్కకు నిలిపినా అమ్మా. "అమ్మకు జాబు రాస్తా, అది అందినాక ఫోన్ నువ్వే ఎత్తాల" అంటే, ఊ అన్నాడు.

వచ్చే శుక్రవారం నువ్వు ఫోన్ చేస్తే నేనెత్తను, ఆయనెత్తుతాడు. దవడ ఇంకా సరిగ్గా తిరగదు, మాట ఆలస్యంగా వస్తాది. లైన్ పోయిందనుకోని పెట్టేయొద్దు. మేడమ్ పక్కన ఉన్నా సరే, పట్టుకోనుండు.

ఇట్లు,
నీ మీదా నాయన మీదా విసుక్కుంటా, ఇద్దరి కోసరమూ కాచుకోనుండే
నీ కొడుకు,
నాగేశ్వర.