బూడిద కలిపిన జొన్నలు

కడప, 14-6-1952

ఆరోగ్యమ్మక్కకు తమ్ముడు చౌరప్ప స్తోత్రాలు. ఈడ బతికే ఉన్నాం.

మన బడి పిల్లల్ని కాలేజీకి పంపే నిధి కోసం, వండేముందు పిడికెడు గింజలు తీసిపెట్టే కుండలు ఆదివారం గుడికి వచ్చినాయి. అన్నిటికీ గుడ్డ కట్టి ఉంది. విప్పితే ఖాళీ. ఒట్టి కుండ తేవడానికి సిగ్గుపడి కట్టినారు. నీ కుండ ఒక్కటే నిండుగా ఉంది. "ఇదొక్కటన్నా ఉండాదిలేప్పా" అన్నారు ఫాదరు. నేను చెయ్యి పెడితే జొన్నల నిండా బూడిద. బూడిద కలిపి దాచేది విత్తనాలనే కదా.

పరీక్ష ప్యాసైన ఇద్దరికీ ఈ ఏడు కాలేజీ లేదని నేనే చెప్పినా. ఒకడు ముగ్గురాయి గనికి కూలికి పోయినాడు.

బావ దగ్గు తగ్గిందా? మేకను అమ్మొద్దు. నీ కుండ రేపు వేంపల్లె బస్సులో తిప్పి పంపుతా, దించుకో. పిల్లలకు దీవెనలు.

వాన మీద ఆశ వదులుకునే ఇచ్చినావా, అక్కా?