పేరెత్తరాని కూలర్

ఆదిలాబాద్, మే 5

లక్సెట్టిపేట సంతోషమ్మ గారికి,

మంచుమామ కూలర్ల కంపెనీ లా ఆఫీసర్ లింగమూర్తి నమస్కరించి రాయునది. మా కూలర్ మోటారు మూడో రోజే ఆగిపోయిందని మీరు ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పారు. అది యూట్యూబ్‌లోకీ ఎక్కింది. "మంచుమామ" మా ట్రేడ్‌మార్కు. మా అనుమతి లేకుండా ఆ పేరు గానీ, మీసాల మామ బొమ్మ గానీ వాడితే కోర్టుకు వెళ్తాం.

భవదీయుడు,
లింగమూర్తి

తా.క. మోటారు సంగతి వేరే విభాగం చూస్తుంది. మాది పేరు విభాగం.

లక్సెట్టిపేట, మే 12

లింగమూర్తి సార్‌కు వందనాలు.

ముప్పై ఏండ్లు అంగన్‌వాడీల పనిచేసిన, ఎన్నడు కోర్టు మొకం చూడలే. మీరు చెప్పినట్లే పేరు మీద ప్లాస్టర్ అంటించిన, మామ మీద తువ్వాల కప్పిన. నిన్న సాక్ష్యంల "పేరెత్తరాని కూలర్" అనే అన్న. మా ఆయన యెషయాకు కంటి ఆపరేషనైంది. చెమట కంట్ల పడొద్దన్నడు డాక్టర్. పొద్దంత విసురుతనే ఉన్న. ఆయన మూలుగు వింటే నాకు పానం ఊకుంటలేదు. జర మోటారు చూడున్రి.

మీ సహోదరి,
సంతోషమ్మ

తా.క. సంఘమంతా లేచి నిలబడి పేరెత్తరాని కూలర్ కోసం ప్రార్థన చేసిన్రు. వీడియో పదివేల మంది చూసిన్రట.

ఆదిలాబాద్, మే 16

సంతోషమ్మ గారికి,

పేరెత్తరాని కూలర్ అంటే మాదేనని మీ ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. కనుక ఆ మాట కూడా మాదే. వాడరాదు.

లింగమూర్తి

తా.క. ఆ పేరు రిజిస్ట్రేషన్‌కు నిన్ననే దరఖాస్తు పెట్టాం.

లక్సెట్టిపేట, మే 19

సార్‌కు వందనాలు.

నిన్న నోరే తెరవలే. మైకు ముందట నిలబడి ఐదు నిమిషాలు విసనకర్ర ఊపి కూసున్న. అందరు ఏడ్చిన్రు.

సంతోషమ్మ

తా.క. విసనకర్ర మీ మార్కు కాదు గదా?

ఆదిలాబాద్, మే 23

అమ్మా సంతోషమ్మ గారూ,

కొంప మునిగింది. జిల్లాలో ఏ కూలర్ చూసినా "విసనకర్రమ్మ కూలర్ ఇదేనా?" అని జనం వెనక్కి పోతున్నారు. మిగతా కంపెనీలు మా దరఖాస్తు చూసి, ఆ కూలర్ పేరు బయటపెట్టమని మాకే నోటీసులు పంపాయి. రేపే మెకానిక్ ఓంప్రకాశ్ వస్తాడు. బాగయ్యాక దయచేసి మా పేరు గట్టిగా చెప్పండి. అనుమతి పత్రం జతపరిచాను.

మీ తమ్ముడి వంటి
లింగమూర్తి

తా.క. మామ మీది తువ్వాల కూడా తీయండమ్మా.

లక్సెట్టిపేట, మే 26

తమ్ముడు లింగమూర్తికి,

ఓంప్రకాశ్ వచ్చిండు, మోటారు మార్చిండు. మా ఆయన మూడు వారాలకు కంటినిండ నిద్రపోయిండు. నాకైతే ఎంత సంతోషమో! నీ పత్రం చేతుల పట్టుకొని, మంచుమామ కంపెనీ బాగుచేసిందని మైకుల గట్టిగ చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిన్రు. ఇగ ఫికర్ చెయ్యకు.

మీ అక్క,
సంతోషమ్మ

తా.క. కొత్త మోటారు మీద వేరే కంపెనీ పేరున్నది. ఇదేందని ఓంప్రకాశ్‌ను అడిగితే, "మావి మూడు రోజులే తిరుగుతయమ్మా, మా ఆఫీసు కూలర్లకు గూడ గివే ఏసినం" అన్నడు. ఆ పేరు మాత్రం నేను చెప్పలే, పర్మిషన్ లేదు గదా. ఇయ్యమని ఆ కంపెనీకి ఉత్తరం రాసిన. ఎందుకో గూడ వివరంగ రాసిన.