క్రాంకు తిప్పిందెవరు?

ఏ.ఎస్. రావు నగర్,
జూన్ 9.

మెకానిక్ హరికిషన్ గారికి,

సుబ్బరాజు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, స్కూటరు తప్ప. ‘ఫోన్ చేయొద్దు, చెవులు వినపడవు, రాసియ్యండి’ అన్న మీ షెడ్డు బోర్డు చూసి సంతోషించినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ముప్పై మూడేళ్లు ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా చేశాను. నోటిమాట మీద నాకు నమ్మకం లేదు.

నా డెబ్బై ఎనిమిది మోడల్ ఆకుపచ్చ స్కూటరు, మా ఆవిడ వీరరాఘవమ్మ వెనక కూర్చుంటే సైనిక్‌పురి ఎత్తు ఎక్కలేకపోతోందని మీకిచ్చాను. మీరు పెద్ద సిలిండరు, పెద్ద కార్బురేటరు, సన్నాయిలాంటి సైలెన్సరు పెట్టారు. ఎత్తేమిటి, గోడ కూడా ఎక్కేలా ఉంది. కానీ ఇంటికి తెచ్చిన నాలుగో రోజునుంచే ఒళ్లంతా వణుకు. బండికీ, నాకూ. దిగాక కూడా అరగంట చేతులు ఆడుతున్నాయి. మొన్న సంతకం పెడితే అది నాది కాదన్నారు బ్యాంకువాళ్లు.

బండిని ట్రాలీ ఆటోలో పంపుతున్నాను. ఈ ఉత్తరం డిక్కీలో ఉంది. కారణం రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
సుబ్బరాజు (రిటైర్డ్)

తా.క.: ఈ బండి మీద పెరుగు తెచ్చాను. ఇంటికి చేరేసరికి మజ్జిగ. పైన కొంచెం వెన్న కూడా తేలింది. దాని మీద ఫిర్యాదు లేదు.


బొల్లారం,
జూన్ 14.

సుబ్బరాజు సారుకు,

హరికిషన్ దండాలు. ఇంజిన్ ఇప్పిన. క్రాంకు తిరిగింది సార్. జెర సమజయ్యేటట్టు చెప్తా. క్రాంకంటే ఒక్క ముక్క కాదు. రెండు ఇనుప చక్రాలు, నడుమ ఒక పిన్ను. చక్రాలను ఆ పిన్నుకు రెండు దిక్కుల ప్రెస్సుల పెట్టి దిగగొడ్తరు. వెల్డింగు లేదు, బోల్టు లేదు, పట్టు మీదనే నిలబడ్తది. పాత ఇంజిన్ బలానికి గది చాలు. ఇప్పుడు బలం డబులైంది. హ్యాండిలు తిప్పి ఒక్కసారే రేసు గుంజితే ఒక చక్రం ముందటికి, ఒకటి ఎనుకకు జరుగుతది. వెంట్రుకంత జరిగినా చాలు, బండి వణుకుతది.

సరిజేసిన. గని ఒక మాట. మెల్లగ నడిపితే ఇది తిరగదు. మీరు గుంజుతున్నరు. చూస్తే పెద్దమనిషి లెక్క ఉన్నరు, ఈ వయసుల గీ దూకుడేంది సార్?

ఉంటా,
హరికిషన్

తా.క.: షురూ కాకుంటే పరేషాన్ కావద్దు. మేడంను ఎనుకకెళ్లి నూకమనుండ్రి, అయితది.


ఏ.ఎస్. రావు నగర్,
జూన్ 20.

హరికిషన్ గారికి,

నమస్కారం. దూకుడా? నేనా? నా గరిష్ఠ వేగం ముప్పై అయిదు. పోయిన మాఘమాసంలో ఒక పెళ్లి ఊరేగింపు నన్ను దాటి వెళ్లిపోయింది. పెళ్లికొడుకు గుర్రం మీద నుంచి జాలిగా చూశాడు.

మీరు సరిచేసిన బండి నాలుగు రోజులకే మళ్లీ వణుకుతోంది. ఈసారి ఫ్యాను మూత తీసి, నా దగ్గరున్న డయల్ గేజి పెట్టి కొలిచాను. మిల్లీమీటరులో రెండు నూరోవంతులు ఆడాల్సిన చోట పదకొండు ఆడుతోంది. ఈ లెక్కన ఫ్యాక్టరీలో అయితే మీ పని మీద ఎర్ర స్టాంపు కొట్టేవాణ్ణి. బండి మళ్లీ పంపుతున్నాను.

ఇట్లు,
సుబ్బరాజు

తా.క.: మీరు ‘నూకమనుండ్రి’ అన్నది చదివి, బండికి నూకలు చెల్లాయేమోనని మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. నూకడమంటే నెట్టడమని చెప్పాక ఇంకా ఎక్కువ ఏడ్చింది.


బొల్లారం,
జూన్ 25.

సుబ్బరాజు సారుకు,

దండాలు. మల్ల సరిజేసిన. మీ గేజి మీ తాన్నే ఉంచుకోండ్రి. నేను చెప్పేది గూడ ఇనుండ్రి. మొన్న ఆకుపచ్చ బండి ఒకటి బస్సును దాటేసి పోతుంటే మా పోస్ట్‌మ్యాన్ దుర్గేష్ కండ్లార చూసిండు. నెత్తికి హెల్మెట్, లోపల ఎవరో తెల్వదు. తొంభై మీద ఉన్నదంట. గసుంటి బండి ఈ దిక్కు మీదొక్కటే.

మీరు కాకుంటే ఇంకెవరు సార్?

ఉంటా,
హరికిషన్

తా.క.: మీ ఇంట్ల మేడంకు నడప వస్తదా? ఒకసారి నిమ్మళంగ అడుగుండ్రి. కొందరు పైకి మస్తు సాదాగ కనవడ్తరు.


ఏ.ఎస్. రావు నగర్,
జూలై 2.

హరికిషన్ గారికి,

అడిగాను. అదే నా జీవితంలో చేసిన పెద్ద తప్పు. ‘తొంభైలో బస్సును దాటేది నువ్వేనా’ అన్నానంతే. ఆరు రోజులుగా ఆమె నాతో మాట్లాడటం లేదు. ‘ఈ ఇంట్లో నేను నడిపిందేమైనా ఉందా’ అని గోడతో మాత్రం అంటోంది.

అయితే ఇన్‌స్పెక్టరు ఇన్‌స్పెక్టరే. జూన్ 20న బండి ట్రాలీ ఎక్కించేటప్పుడు మీటరు 41,208. ఇరవై ఆరున మీ గేటు దగ్గర నేను తీసుకున్నప్పుడు 41,263. తాళం చేతికిస్తూ మీ ఆవిడ పుష్పమ్మగారు ‘మెల్లగ నడుపుండ్రి అన్నా, ప్రాణం ముఖ్యం’ అని హితవు కూడా చెప్పారు. షెడ్డులో స్టాండు వేసి ఉన్న బండి యాభై అయిదు కిలోమీటర్లు ఎలా వెళ్లింది?

బండి మళ్లీ వణుకుతోంది, మూడోసారి పంపుతున్నాను. జవాబు రాకపోతే కన్స్యూమర్ కోర్టుకు వెళతాను. నా కాపురం కూడా సాక్ష్యంగా పెడతాను.

ఇట్లు,
సుబ్బరాజు

తా.క.: వణుకు ఎంత అలవాటైందంటే, స్కూటరు లేని ఈ పూట కాఫీ గ్లాసు కదలకుండా ఉంటే కంగారుగా ఉంది.


బొల్లారం,
జూలై 11.

సుబ్బరాజు అన్నకు,

హరికిషన్ భార్య పుష్పమ్మ తలవంచుకొని రాస్తున్న. చేతిరాత కొత్తగ లేదని మీకీపాటికి సమజైతనే ఉంటది. ఇన్ని దినాలు ఉత్తరాలు రాసింది నేనే. ఆయన చెప్పింది ‘క్రాంకు తిరిగింది, సరిజేసిన’ గంతే. మీ దూకుడు, దుర్గేష్ చూసుడు, వదిన మీద అనుమానం, అవన్నీ నేను అల్లిన. డిక్కీ తెరిచేది నేనే గనుక మీ ఉత్తరాలు ఆయన కంట్ల పడలే. క్రాంకు ఇన్నిసార్లు తిప్పిన మీరు మస్తు ఉషారు మనిషని ఆయన నలుగురికి చెప్పుకుంటుండు.

ఆయన చెవులు పోయినంక ఇంజిన్ సప్పుడు వినేది నేను. పదిహేనేండ్లాయె. బాగైందో లేదో చెప్పాలంటే నడిపి చూడాలె. ఎన్నో బండ్లు నడిపిన గని మీ బండి లెక్క గుంజేది ఇంకోటి చూడలే అన్నా. మొదటిసారి రైల్వే గేటు దాకనే పోదామనుకున్న. ఆడ కొత్త మోటర్‌సైకిల్ మీద ఒకడు ‘అమ్మమ్మా, పక్కకు జరుగు’ అన్నడు. గేటు లేసింది. శామీర్‌పేట దాక వాడు నాకు అద్దంలనే కనబడ్డడు. గా పొద్దే క్రాంకు జెరంత తిరిగి, మీ తానికి వచ్చినంక మొత్తం బయటపడ్డది. ఆ ఎనుక రెండుసార్లు సుత నా పాణం ఆగలే.

తప్పే. గని వదిన మీద నింద వేసినకాడి నుంచి ముద్ద దిగలే. మంగళవారం మీరు పింఛన్ మీటింగుకు పోయిన యాల్లకు మీ బండి మీదనే మీ ఇంటికి పోయి అంతా చెప్పిన. వదిన బయటికొచ్చి బండి చుట్టూ తిరిగి చూసింది. ‘నలభై ఏళ్లుగా దీని వెనక కూర్చుంటున్నానమ్మా, ఒక్కసారైనా మొహానికి గాలి తగల్లేదు. ఎలా ఉంటుందో చూపించు’ అన్నది.

కీసర రోడ్డు మీద చూపించిన. కొంగు నడుముకు చుట్టి, ‘ఇంకొంచెం గుంజవే’ అని నా భుజం మీద గుద్దింది.

ఆయనకు నిజం చెప్పిన, కాయితం మీద రాసి. రెండుసార్లు చదువుకొని, ‘శామీర్‌పేటకు ఎన్ని నిమిషాల్ల పోయినవ్?’ అని అడిగిండు. మల్కాజ్‌గిరిల లేతు మిషిను షాపు కాడ క్రాంకు సూటిగ చేయించి, పిన్నుకు రెండు దిక్కుల వెల్డింగు పెట్టించిండు. ఇగ ఎవరు గుంజినా తిరగదు.

మీ చెల్లె అనుకొని మాఫ్ చేయుండ్రి,
పుష్పమ్మ

తా.క.: ఆదివారం హ్యాండిల్ వదినే పట్టుకుంటదంట. మీరు పొద్దుగాల వాకింగుకు పోయిన రెండు దినాలు నేర్పిన, చెయ్యి మంచిగ తిరిగింది. మీరు ఎనుక కూసోండ్రి అన్నా. కండ్లు మూసుకుంటే భయం తెల్వది, మా ఆయన గట్లనే కూసుంటడు.