తైపింగ్‌లో ఆగిన వ్యాన్

అక్కా, ఫోన్లో నీకు సరిగా వినబడదని ఈ కార్డు రాస్తున్నాను. నేను క్షేమంగా సరిహద్దు చేరాను, దిగులు పడకు.

నిన్న నా కోసం జురులో హైవే పక్కన టీ కొట్టులో అంతసేపు కూర్చుని వెళ్లిపోయావు. సరిహద్దు దాటే చిన్న వ్యాన్లకు కూడా మా కంపెనీ ఇప్పుడు టాకోగ్రాఫ్ పెట్టింది. బండి ఎంతసేపు నడిచిందో, డ్రైవరు ఎంతసేపు ఆగాడో అది రాసుకుంటుంది. ఈపో దగ్గర లారీ బోల్తాపడి, ఆ జామ్‌లోనే నేను ఆగకుండా నడపదగ్గ గంటలు నిండిపోయాయి. రూలు ప్రకారం విశ్రాంతికి తైపింగ్‌లో ఆగక తప్పలేదు.

"మామా, అమ్మ లెగనంటంది. నాకు డ్యూటీ టైమైపోనాది, ఏటి సెయ్యాల?" అని నీ ఉదయ్ ఫోన్ చేశాడు.

"బండి కదిపితే రాసేసుకుంటాది, ఉద్యోగం పోద్దిరా. అమ్మని ఇంటికి తీసుకెళ్లిపో," అన్నాను.

ఆ మాట నా నోటితో అన్నందుకు ఇంకా బాధగానే ఉంది. రూలును తిట్టుకోలేను. పోయినేడు మా కంపెనీ డ్రైవరు కోగిలన్ నిద్రమత్తులో బండి గుద్ది ఇప్పటికీ కుంటుతున్నాడు. విశ్రాంతి అయ్యాక జురు వచ్చి, ఆ టీ కొట్టులో నువ్వు ఇచ్చివెళ్లిన నెత్తళ్ల వేపుడు తీసుకున్నాను. డబ్బా అప్పటికింకా వెచ్చగానే ఉంది, నువ్వే లేవు.

కంటి ఆపరేషన్ ఎప్పుడన్నారు? చెవి మిషనుకు బ్యాటరీలు తేవాలా? బావ మందులు వేసుకుంటున్నాడా? ఉదయ్‌తో మెసేజ్ పెట్టించు.

ఇక నువ్వు రోడ్డు మీదికి రావద్దు. ఈ ట్రిప్పు అయ్యాక సెలవు పెట్టి, బస్సెక్కి మీ ఇంటికే వస్తాను. బావకు నమస్కారం, ఉదయ్‌కి నా దీవెనలు.

నీ తమ్ముడు అప్పడు