ఈ ఏడు అలగలేదన్నా

సుబ్బరాయుడన్నకు, నీ బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ కాడ నిలబడేవాడు వందనాలతో రాస్తాండా.

అన్నా, ప్రతి ఎండాకాలం ఏదో ఒకదానికి నీతో కొట్లాడి, "నీ పనీ వద్దు, నువ్వూ వద్దు" అని తువ్వాలు దులుపుకోని ఇంటికి పోతాంటి. రెండు మూడు దినాలకు నువ్వే కమలాపురం వచ్చి, మా ఇంటామె విశ్వాసమ్మ చేసిన సంగటి, నాటుకోడి పులుసు తిని, "రాప్పా, నువ్వు లేకుంటే పని సాగడంల్యా" అని బతిమాలి పిల్చుకపోతాంటివి.

ఈ ఏడు మాకందరికీ పీఎఫ్, పెన్షన్ పెట్టించినావు. శానా సంతోషం. ఇంగ పని మానేవాడే లేడు. మొన్న ఫ్యాన్ రిపేరు చేయించలేదని నాకు నీమీద మంచి కోపమే వచ్చింది. తువ్వాలు దులిపినా గూడా. అంతలో విశ్వాసమ్మ మాట మతికొచ్చింది: "నడిమిన మానితే పెన్షన్ తగ్గుతాది, నోరు మూసుకోని పని చేసుకో." ఆ తువ్వాలుతోనే మొగం తుడుచుకోని మళ్లా మిషన్ కాడికే పోయినా.

ఇప్పుడు ఇంట్లో కోడి బాగా బలిసింది. "మీ అన్న ఇంగా రాలేదే?" అని ఆమె రోజూ అడుగుతాంది. "నేను మానకుండా ఆయప్ప యాల వస్తాడే?" అంటే నన్నే తిడతాంది.

ఆదివారం చర్చి అయినాక రా అన్నా. నేను పని మానలేదు. అయినా సరే, వచ్చి ఒకసారి బతిమాలిపో.